బాతు పొట్ట కింద నంబరు

పదిహేడుమంది కళ్లు మూసుకుని కూర్చున్న గదిలోంచి ఐదు కిలోల ఇత్తడి బాతును ఎవరో ఎత్తుకుపోయారు. ఆ పదిహేడుమందిలో ఒకడు ఊళ్లో పేరున్న డిటెక్టివు. పేరు హెన్రీ. ఝపటాపూర్‌లో మేడమెట్ల కింద ఆఫీసు, బోర్డు మీద మూడు భాషల్లో పేరు. పెళ్లి సంబంధాల వాకబులు, పోయిన స్కూటర్లు ఆయన వ్యాపారం. అలాంటివాడి ముక్కు కింద నుంచి బాతు పోయిందంటే ఊరు నవ్వుకోదా? ఇంకా నయం, ఆ సమయంలో ఆయన ప్రార్థనలో లేడనీ, గోడకు తల ఆనించి హాయిగా నిద్రపోతున్నాడనీ ఎవరికీ తెలీదు.

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో సుజాతమ్మ ఇంటి ముందు సైకిలు దిగుతున్నప్పుడు కూడా ఆయన మెడ పట్టేసే ఉంది. చెయ్యి మెడ మీదకి పోయినప్పుడల్లా సిగ్గుతో దించేసుకున్నాడు.

ఆ బాతు సంగతి చెప్పాలి. సుజాతమ్మ భర్త సమూయేలు రైల్వే కార్ఖానా ఫౌండ్రీలో మోల్డరు. అచ్చు కట్టి లోహం పోయడంలో ఆయన చేతికి తిరుగులేదు. ముప్పై ఏళ్ల క్రితం ఆయన పోసిన బాతు అది. రెక్కల మీద ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. మెడలో పూసల దండ. ముక్కు మాత్రం పల్చగా ముందుకు సాగి ఉంటుంది. ఆ ముక్కును తలుపు కిందకి తోస్తే తలుపు కదలదు. పాత క్వార్టరు గనక గుమ్మం ఒకవైపు కుంగింది, వదిలేస్తే వీధి తలుపు తనంతట తనే మూసుకుంటుంది. ఇంట్లో ప్రార్థన జరిగినంతసేపూ వీధి తలుపు తెరిచి ఉండాలన్నది ఆ ప్రార్థన గుంపు పట్టింపు. దారిన పోయేవాడికి లోపలికి రావాలనిపిస్తే తలుపు తట్టే పని ఉండకూడదు. అందుకని ప్రతి శుక్రవారం సాయంత్రం బాతుకు పని పడేది.

సమూయేలు నెల క్రితం పోయాడు. పోయేముందు భార్య చెవిలో ఒక మాట వేశాడు. ఆ బాతును పోసింది స్టోర్సులోంచి పోయిన బేరింగు ఇత్తడితో. ఆ దొంగతనం మోపే దేముడనే ఖలాసీని ఉద్యోగంలోంచి తీసేశారు. కానీ ఆ ఇత్తడి తీసింది దేముడు కాదు. ఇత్తడి తెచ్చినవాడి టికెట్ నంబరు బాతు పొట్ట కింద, కంబళి ముక్క అంటించిన చోట కొట్టి ఉంది. షాపులో, అంటే కార్ఖానా షెడ్డుల్లో, పనిచేసే ప్రతివాడికీ ఒక టికెట్ నంబరు ఉండేది. మోల్డర్లకు ఒక అలవాటు ఉండేది. ఎవడైనా చాటుగా లోహం తెచ్చి బొమ్మ పోయించుకుంటే వాడి నంబరు అడుగున కొట్టేవారు. రేపు పట్టుబడితే పోసినవాడొక్కడే మునిగిపోకూడదు కదా.

దేముడికి ఇప్పుడు డెబ్బై ఏళ్లు. మనవరాలు పూజ ఏడేళ్లుగా కాగితాలు పెట్టగా పెట్టగా ఎంక్వైరీ మళ్లీ తెరిచారు. సోమవారం పదకొండు గంటలకు ఆఖరి విచారణ. బాతు ఉంటే ముసలాయన దొంగ కాదని తేలుతుంది. లేకపోతే దొంగగానే పోతాడు. శుక్రవారం ప్రార్థన అయ్యాక వచ్చి తీసుకెళ్లమని సుజాతమ్మ పూజకు కబురు పెట్టింది. ఆ ఒక్క పూటా దాని పని అది చేసి వెళ్లాలని ముసలమ్మ ముచ్చట. పూజ ముందే వచ్చి, గుమ్మం పక్కన చెప్పులు విడిచి, వీధి వైపు తిరిగి అరుగు చివర నిలబడింది. ఆమెన్ అనేసరికి తలుపు తెరిచే ఉంది గానీ బాతు లేదు. దాని చోట పూజ ఎడమకాలి చెప్పు ఉంది.

పొద్దున్నే ఆఫీసుకొచ్చి పూజ ఇదంతా చెప్పింది. ఆమె బేరింగు ఇత్తడి అన్నప్పుడు హెన్రీ పెన్ను కాగితం మీద ఆగిపోయింది. ఇంకు అయిపోయిందేమోనని విదిలించి చూసుకున్నాడు.

లోపలికి వెళ్లేసరికి ప్రశాంత్ అప్పటికే నేల మీద మోకాళ్లేసి టేపుతో ఏదో కొలుస్తున్నాడు. ప్రేమ్ బజార్‌లో ఏసీ ఆఫీసున్న డిటెక్టివు, ముప్పై రెండేళ్లవాడు. సుజాతమ్మ కొడుకు టోని పిలిపించాడు. దొంగ ఇత్తడితో బొమ్మలు పోశాడన్న మాట తండ్రికి రాకూడదని టోని బాధ.

"రండి దాదా. కేసు అయిపోనాది, మీరు లేటు," అన్నాడు ప్రశాంత్ టేపు చుట్టుకుంటూ.

సుజాతమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. డెబ్బై రెండేళ్ల మనిషి, నిన్నటి నుంచి నిద్ర లేనట్టు కళ్లు వాచి ఉన్నాయి. హెన్రీ వందనాలు చెబితే తల ఊపింది తప్ప ఆయన మొహం చూడలేదు. పూజ గుమ్మం అవతలే ఆగిపోయింది. ఆ అమ్మాయిని లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"ఎలా అయిపోయింది?" అన్నాడు హెన్రీ.

"సూడండి. ఆరున్నరకి పాట. ఆరూ నలబైకి విల్‌ఫ్రెడ్ గారు పార్థన ఎత్తుకున్నారు. ఆరూ యాబై ఎనిమిదికి ఆమెన్. పద్దెనిమిది నిమిసాలు. బాతు పోనాది ఆ మద్దెలోనే."

పెద్ద విల్‌ఫ్రెడ్ ప్రార్థన పద్దెనిమిది నిమిషాలని సెటిల్‌మెంట్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. సంఘపెద్ద, ఎనభై నాలుగేళ్లవాడు, ఒకప్పుడు కార్ఖానాలో స్టోరుకీపరు. హెన్రీకి పిల్లనిచ్చిన మామ.

"తలుపు కింద పూజ సెప్పు. ఆమె సేతిలో ఖాళీ గుడ్డసంచీ. బయట ఎవుడో ఉన్నాడు, వాడికి అందించీసినాది. కారణం ఏటంటారా? పొట్ట కింద ఉన్నాది దేముడు నంబరే. అది బయటపడితే తాత నిజంగానే దొంగని తేలిపోతాది. ముందే మాయం సేసీసినాది. ఠీక్ హై?"

గుమ్మం అవతల నుంచి పూజ అంది. "మా తాత నంబరైతే ఏడేళ్లు నేనెందుకు తిరుగుతాను అన్నా?"

ప్రశాంత్ టేపు జేబులో వేసుకున్నాడు.

హెన్రీ తలుపు వైపు చూశాడు. ఇవాళ దాన్ని ఒక ఇటుక ఆపుతోంది. ఎర్రనేల తుడిచి నున్నగా ఉంది, ఈడ్చిన గీత ఒక్కటీ లేదు. బాతు ఎప్పుడూ ఉండే చోట కంబళి రాసుకుని పాలిపోయిన గుండ్రటి మచ్చ. గుమ్మానికి మూరెడు దూరంలో ఆడవాళ్ల చాప అంచు.

"ప్రశాంత్, ఆ ఇటుక ఒకసారి ఇలా అందియ్యి," అన్నాడు.

ప్రశాంత్ వంగి ఇటుక తీశాడు. తలుపు విసురుగా వచ్చి ధడాలున మూసుకుంది. గోడ మీద కేలండరు ఊగింది. అరుగు మీద పూజ ఉలిక్కిపడి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"చూశావా? నువ్వు ఈ ఇంటికి కొత్త. తీసెయ్యగానే మూసుకుంటుందని నీకు తెలీదు. పూజ కూడా నిన్న సాయంత్రమే మొదటిసారి ఈ గుమ్మం ముందు నిలబడింది. ఆమె తీసి ఉంటే నిన్న కూడా ఇదే చప్పుడు రావాలి. రాలేదు. తీసినవాళ్లు ముందు తలుపును ఆపారు, తరవాత బాతును ఎత్తారు, చేతికందిన చెప్పు దోపారు. ఈ తలుపు సంగతి బాగా తెలిసినవాళ్లు, ప్రతి శుక్రవారం వచ్చేవాళ్లు. లోపల కూర్చున్నవాళ్లు."

చాలా కాలానికి ఒక మంచి మాట అన్నానని హెన్రీకి తన మీద తనకే ముచ్చటేసింది. ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు.

"శెభాష్," అన్నాడు ప్రశాంత్ నవ్వి. జేబులోంచి ఫోను తీశాడు. "మరి దీనికి ఏటంటారు? రాత్రి టోని అందరి మాటా రికార్డు సేసినాడు. మీ మాట వినండి."

ఫోనులోంచి హెన్రీ గొంతే వచ్చింది, కాస్త పెద్దరికం పులుముకుని. "నేను ప్రార్థనలో ఉన్నాను గనక కళ్లు తెరవలేదు. కానీ ఆరూ యాభై ప్రాంతంలో తలుపు దగ్గర గాజుల చప్పుడు విన్నాను."

"మీ గుంపులో ఆడవాల్లు గాజులు ఏసుకోరు," అన్నాడు ప్రశాంత్. "ఆ సాయంత్రం గాజులున్న సెయ్యి ఒక్కటే." అందరి కళ్లూ పూజ మణికట్టు మీదకి వెళ్లాయి. ఎర్ర మట్టిగాజులు, చేతికి అరడజను. ఆ అమ్మాయి రెండో చేత్తో వాటిని కప్పుకుంది. "సోమవారం ఈ రికార్డు నేనే తీసికెల్లి ఇస్తాను. సాక్షి ఎవులు? డిటెక్టివు హెన్రీ గారు. ఆ అమ్మాయి తరపు మనిషే."

హెన్రీకి రాత్రి సంగతి కళ్లకు కట్టింది. ఆమెన్ అన్నాక గది గదంతా ఆయన వైపే తిరిగింది, నువ్వు డిటెక్టివువి కదా, ఏం విన్నావని. నిద్ర మొహంతో ఏదో ఒకటి చెప్పాలి. నోటికొచ్చింది గాజులు. ఎవరి గాజులో, ఆ మాట ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆలోచించలేదు. తన పరువు కాస్త నిలిస్తే చాలనుకున్నాడు. ఇప్పుడు ఊరుకుంటే ఆ అమ్మాయి దొంగవుతుంది. నోరు విప్పితే తను ఊరందరికీ నవ్వులాటవుతాడు. తూచి చూసుకోవడానికి ఇందులో ఏమీ లేదు, అయినా తూచి చూసుకున్నాడు.

"గాజుల చప్పుడు నేను వినలేదు."

"ఏటన్నారు?"

"వినలేదు. నిద్రపోయినాను."

ప్రశాంత్ నవ్వడం కూడా మర్చిపోయాడు. సుజాతమ్మ మొదటిసారి తల ఎత్తి ఆయన మొహం చూసింది.

"విల్‌ఫ్రెడ్ అన్న పార్థన సేస్తంటేనా?" అంది.

"అవును పిన్నీ. ఆయన ఎత్తుకోవడం తెలుసు, ఆమెన్ తెలుసు. మధ్యలో ఏం తెలీదు. అడిగితే సిగ్గేసి అబద్ధం చెప్పినాను. ప్రశాంత్, నీ ఫోను ఇంకా ఆన్‌లోనే ఉందా? ఇది కూడా రికార్డు చెయ్యి."

పూజ వైపు చూడ్డానికి ఆయనకి మొహం చెల్లలేదు. యాభై ఏడేళ్ల వయసులో, తనను నమ్ముకుని వచ్చిన పిల్ల ముందు ఇలా నిలబడాల్సి వచ్చింది.

సుజాతమ్మ కొంగు అంచు మడిచి విప్పి, మళ్లీ మడిచింది. చివరికి అంది. "నువ్వు ఒప్పుకున్నావు గాబట్టి నాను కూడా సెప్తాను. నాను కల్లు తెరిసినాను."

ఆ ఇంట్లో అది చిన్న మాట కాదు. ప్రార్థనలో కళ్లు తెరిచిన పిల్లల నెత్తి మీద నలభై ఏళ్లుగా మొట్టికాయలు వేసిన మనిషి ఆవిడ. మూసిన కళ్లు మూసినట్టే ఉంచుతుందని పాస్టరుగారు ఆవిడ పేరు చెప్పి బోధ చేసేవారు. రాత్రి టోని అడిగినప్పుడు కూడా నాకేం తెలీదంది. తెలుసనాలంటే ముందు కళ్లు తెరిచాననాలి.

"బాతు మీద బెంగ," అంది. "మా ఆయన ఆకరి మాట అది. పోద్దేమో పోద్దేమో అని మనసు నిలవనేదు. కొంచిం తెరిసి సూసినాను. ఒకామె మోకాలు అడ్డం ఎట్టి తలుపు ఆపినాది. బాతుని ఎత్తి బైబిలు సంచీలో ఎట్టుకున్నాది. బైబిలు తీసి ఒల్లో ఎట్టుకున్నాది. సెయ్యి బయటికి సాపి అరుగు మీదున్న సెప్పు అందుకున్నాది. అంతా సేసి మల్లీ కల్లు మూసుకున్నాది. నానూ మూసుకున్నాను. ఇంకేటి సేస్తాను?"

"ఎవరు పిన్నీ?"

ఆవిడ ప్రశాంత్ వైపు చూసింది, నేల చూసింది.

"సెప్పండమ్మా," అన్నాడు ప్రశాంత్.

"నీ ఇంటిదే, హెన్రీ. ఏంజలిన్."

కాదనబోయిన హెన్రీకి బైబిలు గుర్తొచ్చింది. నిన్న ఇంటికి నడిచి వెళ్తుంటే ఏంజలిన్ బైబిలును ఆయన చేతికిచ్చింది. సంచీ ఉండగా ఇది నాకెందుకు, సంచీ కూడా ఇటివ్వు, నేను పట్టుకుంటాను అన్నాడు. ఇవ్వలేదు. బరువుకి భుజం కిందకి జారిపోతుంటే సంచీని రెండుసార్లు మార్చుకుంది. ఆయన చూశాడు. చూసి, మామగారి ప్రార్థన ఇవాళ మరీ సాగిందని జోకు వేశాడు. ఊళ్లో వాళ్ల మొగుళ్ల మీద, పెళ్లాల మీద వాకబు చేసిపెట్టే మనిషి ఆయన.

"గురువారం నానే పిలిసి సూపించినాను," అంది సుజాతమ్మ. ఆవిడ గొంతులో కూడా సిగ్గే. "కంబలి ముక్క ఊడదీసి, ఈ నంబరు ఎవులదో మీ నాన్నని అడిగి సెప్పమ్మా, స్టోరులో పనిసేసినాడు గదా అన్నాను. ఆ పిల్ల సూసి తెల్లగా పాలిపోనాది. అప్పుడే నాకు తెలియాల."

ప్రశాంత్ చిటిక వేశాడు. "అర్థమైపోనాది. తండ్రిని కాయడానికి కూతురు దొంగతనం. ఇత్తడి తీసింది స్టోరుకీపరే. నంబరు మీ మావగారిది."

"కాదు," అన్నాడు హెన్రీ. ఒక ఊపిరి తేలిగ్గా వచ్చింది, అలా వచ్చినందుకు మళ్లీ సిగ్గేసింది. "మావయ్య ఆఫీసు మనిషి. ఆఫీసు వాళ్లకి టికెట్ నంబరు ఉండదు. షాపులో చేతులు నల్లబడేవాళ్లకే ఉంటుంది. పిన్నీ, ఆ నంబరెంత?"

"ఎంక్వైరీలో తప్ప నోట అననని మా ఆయనకి మాటిచ్చినాను."

"బాతు మా ఇంట్లో ఉంది. నేను తెచ్చిస్తాను. కానీ ఎవర్ని ఏం అడగాలో నాకు తెలియాలి కదా."

ఆవిడ కళ్లు మూసుకుంది, జ్ఞాపకం చేసుకోవడానికి. ఒక్కొక్క అంకె విడివిడిగా చెప్పింది. "రెండు. మూడు. ఎనిమిది. ఆరు."

ప్రశాంత్ రాసుకున్నాడు. "రెండువేల మూడొందల ఎనబై ఆరు. ముప్పై ఏల్ల కిందటి రిజిస్టర్లు ఇప్పుడెక్కడ దొరుకుతాయి దాదా? సోమవారంలోగా అయ్యే పని కాదు. ఎవుడో సచ్చిపోయి ఉంటాడు కూడా."

హెన్రీకి ఏ రిజిస్టరూ అక్కర్లేదు. షాపులో పనిచేసినవాడు పెళ్లిరోజు మర్చిపోతాడేమో గానీ టికెట్ నంబరు మర్చిపోడు. పన్నెండేళ్ల క్రితం వాలంటరీ రిటైర్‌మెంట్ తీసుకుని డిటెక్టివు బోర్డు కట్టకముందు ఆయన అక్కడ ఫిట్టరు. రోజూ పొద్దున గేటు దగ్గర ఆ నంబరు చెప్పే లోపలికి వెళ్లాడు. కొత్తగా పెళ్లయినప్పుడు ఆయన టిఫిన్ డబ్బా మూత మీద మేకుతో ఆ నాలుగు అంకెలూ గీసింది ఏంజలినే.

ఆ సాయంత్రం ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది. ఇరవై ఏడేళ్లవాడు, ఏంజలిన్‌ని ఇస్తారో ఇవ్వరో తేలని రోజులు. విల్‌ఫ్రెడ్ స్టోర్సు వెనక నిలబడి ఈ మూట సమూయేలు ఇంటి దగ్గర ఇచ్చెయ్యి హెన్రీ అన్నాడు. గేటు దాటడానికి చీటీ కూడా ఆయనే రాసిచ్చాడు. గోనెగుడ్డ మూట, సైకిలు క్యారియరు ఒక పక్కకి ఒరిగిపోయేంత బరువు. సమూయేలు ముడి విప్పి, లోపల మెరిసింది చూసి, నీ నంబరు సెప్పు అన్నాడు. చెప్పాడు. మూడు వారాలకు దేముడిని పట్టుకున్నారు. షాపంతా అదే మాట్లాడుకుంటుంటే హెన్రీ టీ తాగుతూ విన్నాడు. ఆ డిసెంబరులో పెళ్లయింది. చర్చి బలిపీఠం మీద విల్‌ఫ్రెడ్ గారు సమర్పించిన కొత్త ఇత్తడి పూలకుండీలు రెండు; వాటికి పోయగా మిగిలిన ఇత్తడే సమూయేలు ఇంట్లో బాతయింది. అందరూ మెచ్చుకున్నారు, ఆయనా మెచ్చుకున్నాడు. ఇన్నేళ్లుగా ప్రతి శుక్రవారం ఆ బాతు పక్క నుంచే నడిచి లోపలికి వచ్చి, బొమ్మ బావుంది కదా అనుకుంటూ కూర్చున్నాడు.

ఏంజలిన్ తండ్రిని కాయలేదు. మొగుణ్ణి కాసింది. నిన్న రాత్రి ఆయనకి అన్నం వడ్డించి, పక్కన కూర్చుని, ఒక్క మాట కూడా అడగలేదు.

గదిలో ఎవరికీ ఏమీ తెలీదు. ప్రశాంత్ పుస్తకం మూసేశాడు. ఇంటికి వెళ్లి, బాతును ఎక్కడో పారేసి, దొరకలేదంటే సరిపోతుంది. పెద్దగా కష్టపడనక్కర్లేదు కూడా. ఇన్నేళ్లూ చేసినట్టే నోరు మూసుకుంటే చాలు.

"అంకుల్," అంది పూజ. "ఆ నంబరు మా తాతది కాదు. మా తాతది పదకొండొందల నాలుగు. మీరు ఫిట్టరుగా చేసినారు కదా, తెలిసినవాళ్లని అడిగి ఎవరిదో కనుక్కోగలరా? సోమవారంలోగా."

ఆమె గొంతులో కోపం లేదు. గాజుల అబద్ధం చెప్పిన మనిషినే ఇంకా అడుగుతోంది.

"కనుక్కోనక్కర్లేదు," అన్నాడు హెన్రీ. "నాదే."

సుజాతమ్మ, అయ్యో దేవా, అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రశాంత్ చెయ్యి ఫోను మీదకి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

"నేనే తెచ్చినాను ఆ ఇత్తడి. మావయ్య ఇచ్చినాడు, నేను మోసినాను. మూటలో ఏటుందో అడగలేదు. తెలిసే అడగలేదు. తర్వాత మీ తాతని పట్టుకున్నప్పుడు కూడా తెలుసు. సోమవారం బాతు పట్టుకుని నేనే వస్తాను, పూజా. ఇదే మాట అక్కడ చెప్తాను."

పూజ ఏడుస్తుందని, తిడుతుందని ఎదురు చూశాడు. ఆ రెండిట్లో ఏది చేసినా ఆయనకి కొంత నయంగా ఉండేది. ఆమె తన ఫోను తీసి, ఒక నంబరు నొక్కి, స్పీకరు పెట్టి ఆయన ముందుకు చాపింది.

"నాకు కాదు," అంది. "మా తాతకి చెప్పండి."

నాలుగుసార్లు మోగింది. అవతల దగ్గు, తరవాత ముసలి గొంతు. "ఎవులు?"

"నేను, హెన్రీని."

"హెన్రీ బాబా?" గొంతులో ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. "బాగున్నావా బాబూ? మా పూజకి నానే సెప్పినాను, ఇంకెవుల కాడకీ ఎల్లొద్దే, హెన్రీ బాబు కాడకే ఎల్లు, ఆ రోజుల్లో నన్ను దొంగని అననోడు ఆ ఒక్కడే అని. బాతు దొరికినాదా?"

హెన్రీ ఆ ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు. దొరికింది అన్నాడు. ఆ తరవాత, ముసలాయన ఇంకో మంచి మాట అనకముందే, సైకిలు క్యారియరు దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పసాగాడు.